గోదావరి జిల్లాల నుంచి ఫిల్మ్ స్కూల్లో పీజీ సీటుకు ఎలా సిద్ధం కావాలి?

డిగ్రీ అయిపోయింది, సినిమా తీయడం పద్ధతిగా చదువుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని భీమవరం నుంచో అమలాపురం నుంచో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వాళ్ల దరఖాస్తులు చదువుతాను, తీసిన షార్ట్ ఫిల్ములు చూస్తాను. ప్రతిభ లేక వెనకబడ్డవాళ్లు తక్కువ. ఒక్క పని మాత్రం దాదాపు అందరూ ఒకేలా పాడుచేసుకుంటున్నారు. దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

1. స్కూలు, విభాగం తేల్చుకోండి

మన దేశంలో ముందు చూడాల్సినవి రెండు: పుణెలో 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైన ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా), కోల్‌కతాలో 1995లో వచ్చిన సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్. రెండింటిలోనూ సినిమా కోర్సు మూడేళ్లు. డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్‌లకు ఏ డిగ్రీ అయినా చాలు. సౌండ్‌కి ఇంటర్లో ఫిజిక్స్ ఉండాలి. పుణెలో ఆర్ట్ డైరెక్షన్‌కి ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ లాంటి చదువు కావాలి. వర్ణాంధత్వం ఉందని వెనక్కి తగ్గకండి, అలాంటివాళ్లను ఏ కోర్సుకూ దూరం పెట్టకూడదని ఎఫ్‌టీఐఐ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్యుమెంటరీ వైపు మనసుంటే ఢిల్లీ జామియా మిల్లియాలో ఎంఏ మాస్ కమ్యూనికేషన్ చూడండి. అమెరికాలో ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అంటే రెండు మూడేళ్లు, ఖర్చు చాలా ఎక్కువ. పైగా ఫిల్మ్ ప్రొడక్షన్ సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కిందికి రాదు కాబట్టి కంప్యూటర్స్ ఎమ్మెస్ వాళ్లకు దొరికే అదనపు ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకోడానికి ఇచ్చే అదనపు గడువు, దొరకదు. అప్పు చేసే ముందే ఇంట్లో ఈ మాట చెప్పండి.

అందరూ డైరెక్షన్ అనే రాస్తారు. డైరెక్షనే ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే రాయకండి. ఈసీఈ చదివి, పాటలో ఏ వాయిద్యం ఎక్కడ వస్తోందో పట్టుకోగల చెవి ఉన్నవాళ్లు సౌండ్‌కి వెళ్లాలి. మన దగ్గర అలాంటివాళ్లు బోలెడంతమంది ఉన్నారు, ఆ విభాగం ఒకటుందని వాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

"చదువెందుకు, హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్ వెళ్లి అసిస్టెంట్‌గా చేరితే సరిపోదా? దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పాలకొల్లు నుంచి వెళ్లినవాళ్లే కదా" అని ఇంట్లో మావయ్యో బాబాయో తప్పకుండా అంటారు. వాళ్లు సెట్లో నేర్చుకుని గొప్పవాళ్లయిన మాట నిజమే. కానీ అసిస్టెంట్‌గా మీకు అందేది ఆ ఒక్క సినిమాలో మీకు అప్పగించిన ముక్క. ఫిల్మ్ స్కూల్లో మీ సినిమా మీరు తీస్తారు, పక్కవాడి సినిమాకు బూమ్ (పొడుగు కర్రకు కట్టిన మైక్) పట్టుకుంటారు, ఇంకొకరిది ఎడిట్ అవుతుంటే పక్కన కూర్చుంటారు. తీసింది బాగా రాకపోతే ఎందుకు రాలేదో కూర్చోబెట్టి చెప్పే మనిషి ఉంటారు. సెట్లో అంత తీరిక ఎవరికీ ఉండదు.

2. కాగితాలు, సామాను

ఎఫ్‌టీఐఐ, సత్యజిత్ రే పరీక్షలు కొన్నేళ్లు ఉమ్మడిగా, కొన్నేళ్లు విడిగా జరిగాయి. అందుకే నోటిఫికేషన్ మీరే చదవండి, సీనియర్ చెప్పింది నమ్మి ఊరుకోకండి. ఓబీసీ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో, నాన్ క్రీమీలేయర్ అని ఉండేది తీసుకోవాలి. రాష్ట్రంలో చదువుకోడానికి ఇచ్చే బీసీ సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. సచివాలయంలో ముందుగానే అడిగి పెట్టుకోండి.

సామాను: ఫోన్, ట్రైపాడ్, ఒక కాలర్ మైక్, ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్. కెమెరా అద్దెకు తేవద్దు.

3. అయిదు నిమిషాల సినిమా

అసలు చిక్కు ఇక్కడే. విదేశీ స్కూళ్లు చాలావరకు దరఖాస్తుతోనే మీ పని చూపించమంటాయి. మన స్కూళ్లలో రాతపరీక్ష దాటాక ఓరియంటేషన్, ఇంటర్వ్యూ ఉంటాయి. అక్కడ కూర్చున్నవాళ్లకు మీరు దేన్నైనా దగ్గరగా చూశారా లేదా అన్నది కావాలి. కాబట్టి అడిగినా అడక్కపోయినా ఒక చిన్న సినిమా తీసి తీరాలి.

నాకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇలా ఉంటాయి: కొబ్బరితోటల మీద డ్రోన్, గోదావరి బ్రిడ్జి మీద సూర్యోదయం, తమ్ముడు స్లో మోషన్‌లో నడిచి రావడం, ఎక్కడినుంచో తెచ్చిన వయొలిన్, చివర దండ వేసిన ఫొటో. దయచేసి ఇవేవీ వద్దు. గట్టు మీద చెట్టు, రేవులో పడవ, పచ్చటి చేను అందరూ ఇప్పటికే చూశారు. కుమారదేవంలో సినిమా చెట్టు అనే పేరే పడిపోయింది ఆ నిద్రగన్నేరుకి, అన్ని సినిమాలు తీశారు దాని కింద. 2024లో అది కూలిపోయింది కూడా. మీ ఊరు అందంగా ఉందని చూపిస్తే ఊరికి మార్కులు వస్తాయి, మీకు రావు.

అందం వదిలేసి ఒక పనిని పట్టుకోండి. రోజూ జరిగేది, మీరు వెళ్లి పక్కన నిలబడగలిగేది, మధ్యలో ఏదో ఒకటి తప్పిపోయే వీలున్నది. పీచు మిల్లు కావచ్చు, సఖినేటిపల్లి రేవులో పంటు మీదికి లారీ ఎక్కించడం కావచ్చు. నేనైతే రొయ్యల చెరువునే తీయమంటాను. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజాముకి మరీ పడిపోతుంది, అందుకే నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతూ ఉంటాయి. కరెంటు పోయిందంటే కాపలా మనిషి లేచి జనరేటర్ వేయాలి. ఆలస్యమైతే రొయ్యలు పైకి తేలతాయి. పంటంతా ఆ కాసేపటి మీదే ఉంటుంది. కథ మీరు కల్పించక్కర్లేదు, కళ్ల ముందే ఉంది.

దాన్ని ఎలా తీయాలో చెబుతాను. మొదటి నిమిషం అంతా ఏరేటర్ల హోరు ఉండాలి, చూసేవాడు దానికి అలవాటు పడిపోవాలి. అప్పుడు హోరు ఆగాలి. కప్పలు, కీచురాళ్లు, దూరంగా కుక్క ఒక్కసారిగా వినిపిస్తాయి. మంచం కిర్రుమంటుంది. "ఆయ్, పోయిందండీ కరెంటు" అని అతను ఫోన్‌లో అన్న ఒక్క మాట చాలు, ఇంకో డైలాగ్ అక్కర్లేదు. టార్చి నీళ్ల మీద పడితే రొయ్యల కళ్లు ఎర్రగా మెరుస్తాయి. ఆ షాట్ కదలకుండా, ట్రైపాడ్ మీద, కనీసం పది సెకన్లు ఉంచండి. తర్వాత జనరేటర్ మీద అతని చెయ్యి. అంటుకుంటుందా లేదా? మీ సినిమా అంతా అదే ప్రశ్న.

ఆ హోరు ఆగడం వినిపించకపోతే మీ దగ్గర ఏమీ లేనట్టే. కాబట్టి ఏరేటర్లు తిరుగుతున్నప్పుడు రెండు నిమిషాలు, ఆగినప్పుడు రెండు నిమిషాలు శబ్దం విడిగా రికార్డు చేసుకోండి. గాలి మైక్‌కి కొడుతోందేమో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అక్కడే వినండి, ఇంటికి వచ్చి వింటే లాభం లేదు. మ్యూజిక్ పెట్టకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

సినిమా కోసం కరెంటు తీయించకండి. దానంతటది పోయినప్పుడు షూట్ చేయండి, దాని కోసం రోజుల తరబడి రాత్రుళ్లు అక్కడ ఉండండి. రైతు అనుమతి లేకుండా గట్టు ఎక్కొద్దు. తడి గట్ల మీద కరెంటు కేబుళ్లు పరిచి ఉంటాయి, చీకట్లో ఫోన్‌లోకి చూస్తూ నడవడం ప్రాణం మీదికి వస్తుంది. నడిచేటప్పుడు ఫోన్ జేబులో ఉండాలి.

ఎడిటింగ్‌లో మీకు బాగా నచ్చిన షాట్‌నే ముందు తీసేసి చూడండి. అది లేకుండా కథ అర్థమైతే అది అక్కర్లేదు. చెరువుల సంగతి తెలియని ఒకరికి చూపించి ఏం జరిగిందో చెప్పమనండి. చెప్పలేకపోతే కింద అక్షరాలు వేసి సర్దకండి, మళ్లీ చెరువు దగ్గరికి వెళ్లండి.

4. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్

ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే కాగితం ఇది. ముందు తెలుగులో రాయండి, తర్వాతే ఇంగ్లీషు. చిన్నప్పటినుంచీ సినిమా అంటే ప్రాణం అని మొదలుపెట్టొద్దు, ఆ దొంతరలో ప్రతి కాగితం అలాగే మొదలవుతుంది. ఎమ్మెస్‌కి రాసిచ్చే కన్సల్టెన్సీకి ఈ పని అప్పగించొద్దు. ఆ చెరువు దగ్గర ఏం చూశారో, ఏది తీయలేకపోయారో, అది తీయడానికి మీకు ఏం రావాలో రాయండి. ఇంటర్వ్యూలో కూడా అక్కడినుంచే ప్రశ్నలు వస్తాయి.

5. పంపడం

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేయండి, స్కూలు చెప్పిన నిడివి దాటొద్దు. లింకును లాగిన్ కాని వేరే ఫోన్‌లో తెరిచి చూడండి, పర్మిషన్ ఇవ్వక తెరుచుకోని లింకులు ఎన్నో చూశాను. అమెరికా గడువు అక్కడి టైం ప్రకారం ఉంటుంది. ఏదైనా సరే ఆఖరి తేదీకి రెండు రోజుల ముందే పంపి, ఫీజు రసీదు ప్రింటు తీసి పెట్టుకోండి.