తామర గింజను మొలకెత్తించడం ఎలా?

"నీళ్లలో వేసి నెలైంది, ఒక్కటీ మొలవలేదు" అంటారు. పెంకు అరగదీశారా అని అడిగితే తెల్లమొహం వేస్తారు. చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన సుమారు 1,300 ఏళ్ల నాటి తామర గింజ మొలకెత్తిందంటే అది ఆ పెంకు గట్టితనం వల్లే. మీ గ్లాసులో నెల రోజులు దానికొక లెక్కా?

పూజాసామగ్రి దుకాణంలో పది విడి గింజలు కొనండి. జపమాలలోవి వద్దు, దారం కోసం వేసిన రంధ్రంతోనే లోపలి మొలక పోయి ఉంటుంది. నీళ్లలో తేలినవి పారేయండి. గాజు గ్లాసు, ఉప్పుకాగితం, చిల్లులేని వెడల్పాటి టబ్బు, చెరువు బంకమట్టి ఉంటే చాలు.

ఇక అసలు పని. గింజకు ఒక కొన సూదిగా, రెండోది మొద్దుగా ఉంటుంది. మొద్దు కొననే ఉప్పుకాగితం మీద రుద్దాలి. నాలుగు రుద్దులకొకసారి ఆపి, తడి వేలితో పొడి తుడిచి చూడండి. నల్లటి పెంకు పోయి గోధుమరంగు వస్తుంది. అక్కడ ఆపితే నీరు లోపలికి పోదు. ఇంకాస్త రుద్దితే ఆవగింజంత మీగడరంగు చుక్క కనబడుతుంది. అక్కడ ఆపండి. ఇంకొక్క రుద్దు అనుకున్నారో, గింజ కుళ్లి గ్లాసంతా కంపు కొడుతుంది. నా మొదటి గింజలు సగం అలాగే పోయాయి. సుత్తితో పగలగొట్టేవారు, కటింగ్ ప్లేయరుతో నొక్కేవారు పప్పునే చితక్కొడతారు. ఓపిక లేనివారు కలువ దుంప కొనుక్కోవడం మేలు.

గోరువెచ్చని నీళ్లలో వేసి, రోజూ పొద్దున్నే నీళ్లు మార్చండి. మర్నాటికి గింజ బాగా ఉబ్బాలి. ఉబ్బకపోతే మళ్లీ రెండు రుద్దులు. వారంలోపు పచ్చటి మొలక మడత విప్పుకుంటూ లేస్తుంది. స్టీలు గ్లాసులో ఇది కనబడదు, అందుకే గాజుదే వాడాలి.

మూడు నాలుగు ఆకులూ, తెల్లటి వేళ్లూ వచ్చాక టబ్బు మట్టిలో వేళ్లు మాత్రమే కప్పి నాటండి. పైన జానెడు నీరు, కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి. కొబ్బరిపొట్టు కలపకండి, నీటిపైకి తేలిపోతుంది. దోమలు రాకుండా నాలుగు గప్పీ చేపలు వదలండి.

మొదటి ఆకులు నీటిపైనే పరుచుకుంటాయి. కలువ మొలిచిందని బెంగపడకండి. కలువ ఆకుకు అంచు నుంచి తొడిమ దాకా చీలిక ఉంటుంది, తామరకు ఉండదు. ఆకులు నీటిపైకి నిటారుగా లేచేదాకా ఎరువు ముట్టుకోవద్దు.