బండి ఎందుకు హీటెక్కుతుంది? 3వ పాఠం: గాలి దారి

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, జేసీబీ, పొక్లెయినర్ లాంటి మన బండి అరగంట బరువు పని చేశాక, నీడలో గాలి వేడి ఎంతో, రేడియేటర్ పై ట్యాంకుకు వచ్చే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి ఎంతో రాసుకోమన్నాను. మనకు కావాల్సింది ఆ రెండింటి మధ్య తేడా. నీడలో 42 డిగ్రీలు, కూలెంట్ 96 ఉంటే తేడా 54. వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక, పని ఒకే తీరున ఉన్నంతవరకు ఈ తేడా పెద్దగా కదలదు. రేపు రామగుండంలో 46 కాస్తే అదే బండి కూలెంట్ 100 దాకా వెళ్తుందని కాగితం మీదే చెప్పొచ్చు. చలికాలం పొద్దున తీసిన అంకెలు మాత్రం పనికిరావు. అప్పుడు వాల్వు సగమే తెరుచుకుని కూలెంట్ వేడిని తాను తెరుచుకునే వేడి దగ్గరే పట్టి ఉంచుతుంది.

తేడా 54 నుంచి 62కి ఎక్కిందంటే ఎండను తిట్టి లాభం లేదు. బండిలో ఏదో చెడింది. చాలా షెడ్లలో ముందు థర్మోస్టాట్ పీకేస్తారు. అది ఎందుకు తప్పో రెండో పాఠంలో చూశాం: బైపాస్ ఉన్న ఇంజిన్లలో వాల్వు తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగిపోతుంది. తర్వాత వాటర్ పంపు మారుస్తారు. చివరికి ఇంజిన్ పైభాగం, అంటే హెడ్ దించుతారు. పైసా ఖర్చు లేకుండా చూడగలిగిన గాలి వైపు మాత్రం ఆఖర్న గుర్తొస్తుంది. నేను అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను.

ఎందుకంటే లారీకి, మన బండ్లకు తేడా అక్కడే ఉంది. హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీకి గాలే ఎదురొచ్చి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. జేసీబీ, పొక్లెయినర్ నిలబడ్డచోటే ఫుల్ థ్రాటిల్‌లో పని చేస్తాయి. ఎదురుగాలి ఉండదు. ఫ్యాన్ ఎంత లాగితే అంతే గాలి, అదీ తాను రేపిన దుమ్ములోంచే.

ఎంత గాలి కావాలో లెక్క వేద్దాం. సుమారు 75 హార్స్‌పవర్ బ్యాక్‌హో లోడర్ అంటే 55 కిలోవాట్లు. ఫుల్ లోడులో ఇంజిన్ నుంచి కూలెంట్‌లోకి 35 కిలోవాట్ల వేడి, హైడ్రాలిక్ ఆయిల్, ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ కలిసి మరో 15 అనుకుందాం. మొత్తం 50. రేడియేటర్ దాటేసరికి గాలి 20 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, సెకనుకు 2 ఘనపు మీటర్లకు పైగా గాలి రేడియేటర్ జాలీలోంచి పోవాలి. ఒక గదిలో ఉన్న గాలంతా పావు నిమిషంలో ఖాళీ అయినట్టు. ఆ దారిలో పావు వంతు మూసుకుపోతే ఏమవుతుందో మీరే ఊహించండి.

పెద్ద ఫ్యాన్ బిగిస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. ఉన్న ఫ్యాన్‌తోనే పదో వంతు గాలి ఎక్కువ లాగాలన్నా, దాన్ని తిప్పడానికి ఇంజిన్ మూడో వంతు శక్తి ఎక్కువ ఇవ్వాలి. దారి శుభ్రం చేసుకోవడం ఎప్పుడూ చవక.

ఇప్పుడు బండి దగ్గరికి రండి. ఇంజిన్ ఆపి, చల్లారాక బానెట్ తీయండి. ముందు కనిపించేది రేడియేటర్ కాకపోవచ్చు. చాలా బండ్లలో ఏసీ కండెన్సర్, ఆయిల్ కూలర్, కొన్నిట్లో టర్బో గాలి చల్లబరిచే కూలర్ రేడియేటర్‌కు ముందు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. బయటి నుంచి చూస్తే తళతళ మెరుస్తుంది. చెత్తంతా వాటి మధ్య సందుల్లో ఉంటుంది. చీకటి పడ్డాక ఒకవైపు టార్చి పెట్టి రెండోవైపు నుంచి చూడండి. జాలీ అంతటా వెలుగు చుక్కలు సమానంగా కనిపించాలి. నల్లగా ఉన్నచోట గాలి పోవడం లేదు. వరి కోత హార్వెస్టర్ అయితే రోజుకు రెండుసార్లయినా చూడాలి, ఊక అంత త్వరగా కమ్మేస్తుంది.

శుభ్రం చేసేముందు ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతోందా, బయటికి నెడుతోందా తెలియాలి. ఐడిల్‌లో జాలీ బయట ఒక కాగితం పట్టుకుంటే అతుక్కుంటుంది, లేదా ఎగిరిపోతుంది. మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టి, చెయ్యి ఫ్యాన్‌కు దూరంగా ఉంచి చేయండి. గాలి ఏ వైపు నుంచి వస్తుందో దానికి ఎదురు వైపు నుంచి కంప్రెసర్ గాలి కొట్టాలి. దుమ్ము వచ్చిన దారిలోనే కొడితే ఇంకా లోపలికి దిగిపోతుంది. ఒత్తిడి 30 పీఎస్ఐ దగ్గర ఉంచి, నాజిల్ జానెడు దూరంలో, జాలీకి నిటారుగా పట్టుకోండి. ఏటవాలుగా కొడితే ఫిన్లు (జాలీలోని పల్చటి రేకులు) వాలిపోతాయి, వాలిన ఫిన్ దుమ్ము కంటే గట్టి అడ్డం. సర్వీసింగ్ షెడ్డులో టిప్పర్ టైర్లు కడిగే ప్రెషర్ గన్ దీని మీద పెట్టనివ్వకండి. ఆయిల్ కారి దుమ్ము అట్టకట్టి ఉంటే గాలి చాలదు. సబ్బునీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి, మామూలు పైపు నీళ్లతో కడగాలి. ఆ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడండి, లేకపోతే నెలలో మళ్లీ అదే పని.

దీనికంటే తక్కువమందికి తెలిసిన సంగతి ఇంకోటి ఉంది. ఖమ్మం దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో పొక్లెయినర్ ఒకటి వేసవంతా హీటెక్కింది. రేడియేటర్‌కు కొత్త కోర్ వేయించారు, పంపు మార్చారు, థర్మోస్టాట్ రెండుసార్లు మార్చారు. నన్ను పిలిచేసరికి ఇక హెడ్ దించుదామన్న ఆలోచనలో ఉన్నారు. నీడలో 43 ఉంది. థర్మామీటర్‌ను రేడియేటర్ గాలి లోపలికి పోయే ముఖం దగ్గర వేలాడదీసి ఇంజిన్ నడిపిస్తే 57 చూపించింది. బయటి గాలి 43 అయితే ఈ 14 డిగ్రీలు ఎక్కడివి? కోర్ మార్చినప్పుడు రేడియేటర్ చుట్టూ ఉండే నురుగు పట్టీలు పాతబడ్డాయని తీసి పారేశారు, కొత్తవి పెట్టలేదు. రేడియేటర్ దాటి వేడెక్కిన గాలి ఆ సందుల్లోంచి తిరిగి ముందుకొచ్చి, మళ్లీ అదే రేడియేటర్‌లోకి పోతోంది. అదే వేడి గాలి గుండ్రంగా తిరుగుతోంది. నాలుగు పట్టీలు కత్తిరించి అంటిస్తే ఆ సాయంత్రానికే సూది కిందికి దిగింది. పట్టీలు, ఫ్యాన్ చుట్టూ ఉండే డబ్బా, జాలీ కింది రేకు, వీటిలో ఏది లేకపోయినా అది విడి భాగం పోయినట్టే లెక్క. అగరుబత్తి ఒకటి వెలిగించి ఆ సందుల దగ్గర పట్టుకుంటే పొగ ఎటు పోతుందో చూసి దొంగదారి పట్టేయొచ్చు.

చివరిది, ఆపరేటర్ చేతిలో ఉన్నది. ఆయిల్ కూలర్ ముందుంటే, దాని వేడి ముందు గాలికి ఎక్కి, ఆ వేడి గాలే రేడియేటర్‌కు అందుతుంది. సిలిండర్ చివరిదాకా వెళ్లాక కూడా లివర్ అలాగే పట్టుకుంటే, పంపు నుంచి వచ్చే ఆయిల్, ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు మీదుగా ట్యాంకుకు తిరిగిపోతుంది. 200 బార్ ఒత్తిడి దగ్గర నిమిషానికి 100 లీటర్లయితే 33 కిలోవాట్లు. నీళ్లు కాచే 1 కిలోవాట్ హీటర్లు 33 ఆయిల్ ట్యాంకులో పెట్టినట్టు. మట్టిగుట్టలోకి బకెట్ గుచ్చి, చక్రాలు కదలకుండా యాక్సిలేటర్ తొక్కి ఉంచినా అంతే, కన్వర్టర్‌లోకి పోయిన శక్తంతా వేడిగా మారుతుంది. కూలెంట్ ఎక్కువ వేడెక్కుతోందని ఇంజిన్‌ను అనుమానించే ముందు లివర్ మీద చెయ్యి చూడండి.

ఈ వారం పని: పైన చెప్పినట్టు జాలీ శుభ్రం చేసి, పట్టీలు చూసుకుని, మళ్లీ అదే పని మీద, అదే సమయానికి తేడా తీయండి. నీడ, రేడియేటర్ ముఖం, కూలెంట్, ఈ మూడు అంకెలూ పాత అంకెల పక్కనే రాయండి. రేడియేటర్ ముఖం దగ్గర (ముందు వేరే కూలర్ ఉంటే దాని ముఖం దగ్గర) నీడకంటే 5 డిగ్రీలకు మించి ఉంటే సందులు ఇంకా మిగిలాయి. ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడేవాళ్లు మెరిసే లోహం మీద కాకుండా నల్ల టేపు అంటించి దాని మీద కొట్టండి. గాలి వేడికి మాత్రం మామూలు థర్మామీటరే వాడాలి, గన్ గాలిని కొలవదు. ఇవన్నీ అయ్యాక కూడా తేడా తగ్గకపోతే ఫ్యాన్ బెల్టు, ఫ్యాన్‌ను ఇంజిన్‌కు కలిపే విస్కస్ క్లచ్ చూడాలి. నాలుగో పాఠం అక్కడి నుంచే.