సైకిల్‌కు గట్టి గొలుసు తాళం ఎంచుకోవడం ఎలా?

సైకిల్ దొంగలు ఎక్కువగా వాడే పనిముట్లు మూడు: కటింగ్ ప్లయర్, పొడవాటి పిడుల బోల్ట్ కట్టర్, బ్యాటరీతో నడిచే గ్రైండర్. సన్నని కేబుల్ తాళాలకు ప్లయరే చాలు. గ్రైండర్ ముందు మామూలు ఉక్కు గొలుసు ఎంత లావుదైనా ఎక్కువ సేపు నిలవదు. కాకపోతే దాని మోత, నిప్పురవ్వలు నలుగురి కంటా పడతాయి. బోల్ట్ కట్టర్‌కు ఆ ఇబ్బంది లేదు. బ్యాగులో దాగిపోతుంది, పెద్దగా చప్పుడు చేయదు. అందుకే గొలుసు కొనేటప్పుడు మొదట చూడాల్సింది అది బోల్ట్ కట్టర్‌కు లొంగుతుందా, లేదా అన్నది.

1. సైకిల్ ఎక్కడ, ఎంతసేపు ఉంటుందో తేల్చుకోండి

గొలుసు బలం పెరిగేకొద్దీ బరువూ పెరుగుతుంది. మీటరు పొడవున్న 10 మిల్లీమీటర్ల గొలుసు తాళంకప్పతో కలిపి 2.5 కిలోల పైనే తూగుతుంది. 14 మిల్లీమీటర్లదైతే 4 నుంచి 5 కిలోలు. అంత బరువు రోజూ మోయలేక చాలామంది నాలుగు రోజులకే దాన్ని ఇంట్లో వదిలేస్తారు. ఇంట్లో ఉన్న గొలుసు వీధిలో ఉన్న సైకిల్‌ను కాపాడలేదు కదా! కాబట్టి సైకిల్ రాత్రంతా ఒకేచోట ఉంటే అక్కడికి బరువైన గొలుసు కొని, దాన్ని అక్కడే ఉంచేయండి. పని చేసే చోట రోజూ ఒకే స్టాండులో పెట్టేవాళ్లకూ ఇదే మంచి పద్ధతి. వెంట తీసుకెళ్లడానికి మాత్రం మోయగలిగినదే తీసుకోండి.

2. తొడుగు వెనక్కి లాగి లింకు మందం కొలవండి

గొలుసుకు ఉండే గుడ్డ తొడుగు సైకిల్ రంగు గీసుకుపోకుండా చూస్తుంది. కానీ అదే తొడుగు సన్నని గొలుసును లావుగా చూపించి మోసం చేస్తుంది కూడా. పైనుంచి నొక్కి చూసి సరిపెట్టుకోవద్దు. లింకు కడ్డీ మందం ఎంతో కొలవండి, లేదా పెట్టె మీద చదవండి. మొత్తం లింకు వెడల్పు కాదు, కడ్డీ మందమే లెక్క.

6 మిల్లీమీటర్ల గొలుసు చిన్న కట్టర్‌కే తెగిపోతుంది. 8 కూడా పెద్ద అడ్డంకి కాదు. 10, 12 దగ్గరికి వచ్చేసరికి పెద్ద కట్టర్, ఒంట్లో బలం రెండూ కావాలి. 14 మిల్లీమీటర్ల మంచి గొలుసు దగ్గర చాలా చేతి కట్టర్లు ఓడిపోతాయి. 16 దాటితే చేత్తో కోయడం దాదాపు అసాధ్యం. నన్నడిగితే, వీధిలో పెట్టే సైకిల్‌కు 10 కంటే తక్కువ వద్దు. రాత్రిళ్లు బయట ఉండే సైకిల్‌కు 14 తీసుకోండి.

కడ్డీ గుండ్రంగా కాకుండా నలుపలకలుగా ఉంటే ఇంకా మేలు. అదే మందానికి అందులో ఉక్కు ఎక్కువ ఉంటుంది.

3. ఉక్కు గట్టిపరిచిందో కాదో చూడండి

మీటర్ల లెక్కన అమ్మే మామూలు ఇనుప గొలుసు ఎంత లావుగా ఉన్నా నమ్మవద్దు. అది బరువులు కట్టడానికి చేసింది, హాక్సా రంపానికే తెగుతుంది. తాళానికి వాడే ఉక్కును వేడిచేసి చల్లార్చి గట్టిపరుస్తారు. పైపొర రంపం పళ్లు దిగనంత కఠినంగా ఉండాలి, లోపలి భాగం సుత్తి దెబ్బకు పగిలిపోకుండా కాస్త సాగే గుణంతో ఉండాలి. బోరాన్, మాంగనీస్ కలిపిన ఉక్కు వాడామని పెట్టె మీద రాస్తే మంచి సూచనే. కొన్నాక ఒక లింకు మీద ఆకురాయి ఆడించి చూడండి. గట్టిపరిచిన ఉక్కు మీద అది జారిపోతుంది, మెత్తటిదైతే గాడి పడుతుంది.

4. తాళంకప్పనూ అంతే జాగ్రత్తగా పరీక్షించండి

14 మిల్లీమీటర్ల గొలుసుకు సన్నని కమ్మీ ఉన్న తాళంకప్ప వేస్తే దొంగ గొలుసు జోలికే పోడు. కమ్మీ కూడా గొలుసంత మందంగా ఉండాలి, అది చివరి లింకులో దూరాలి, బయటికి వీలైనంత తక్కువ కనిపించాలి. గొలుసు, తాళం ఒకే జతగా చేసినవి కొంటే ఈ తలనొప్పి ఉండదు.

తాళంచెవి విషయం కూడా పట్టించుకోండి. 2004లో క్రిప్టోనైట్ కంపెనీ తాళాల్లో గొట్టంలాంటి తాళంచెవి వాడే రకం బాల్ పెన్ను గొట్టంతోనే తెరుచుకుంటోందని బయటపడి, కంపెనీ వాటిని మార్చి ఇవ్వాల్సి వచ్చింది. చవక నంబర్ తాళాలను కూడా వేళ్ల స్పర్శతో అంకెలు పట్టుకుని తెరవగలరు. లోపల తిరిగే బిళ్లలుండే తాళాలను పుల్లలతో తెరవడం చాలా కష్టం.

5. బయటి సంస్థ ఇచ్చిన గుర్తింపును నమ్మండి

కంపెనీలు తమకు తామే ఇచ్చుకునే మార్కులను పోల్చలేం. ఒకరు పదికి వేస్తే, ఇంకొకరు పదిహేనుకు వేస్తారు. బ్రిటన్‌లోని సోల్డ్ సెక్యూర్ సంస్థ తాళాలను పనిముట్లతో పరీక్షించి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అనే స్థాయిలు ఇస్తుంది. నెదర్లాండ్స్‌లోని ఏఆర్‌టీ సంస్థ నక్షత్రాలు ఇస్తుంది. సైకిల్ విలువైనదైతే గోల్డ్‌కు తగ్గకండి.

6. సరిపడా పొడవే తీసుకోండి

వెనక చక్రం, ఫ్రేము, స్తంభం మూడింటినీ చుట్టి వచ్చేంత పొడవు చాలు. చాలామందికి మీటరు సరిపోతుంది. మిగులు గొలుసు నేలకు తగిలితే దొంగ కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి, రెండోదాని మీద తన బరువంతా మోపగలడు. అందుకే గొలుసును బిగుతుగా, నేలకు అందకుండా ఎత్తులో కట్టాలి. ఒక చివర పెద్ద రింగున్న గొలుసైతే రెండో చివరను దాని గుండా లాగి ఉచ్చులా బిగించవచ్చు, పొడవు కలిసొస్తుంది.

ముందు చక్రం చేత్తో తిప్పి ఊడదీసే రకమైతే దానికి వేరే తాళం కావాలి. కట్టే స్తంభం పైనుంచి సైకిల్‌ను ఎత్తి తీసేయగలరా, స్తంభాన్నే ఊపి పీకగలరా అని ఒకసారి కదిపి చూడండి.

కొన్న రోజే తాళంచెవి నంబరు రాసిపెట్టుకోండి. పెడల్ ఇరుసు కింద సాధారణంగా చెక్కి ఉండే ఫ్రేము నంబరును ఫోటో తీసుకోండి. ఫిర్యాదు చేయాల్సి వస్తే పోలీసులు అడిగేది అదే.