పాత బంగారు లోయలకు వెళ్లే ముందు: డిటెక్టర్ కన్నా ముందు నేల చూడండి

చలికాలమంతా మూసి ఉంచిన ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు కొండల మట్టిరోడ్ల గేట్లు సాధారణంగా అక్టోబర్ చివరికో, నవంబర్ మొదట్లోనో తెరుస్తారు. బంగారం వెతకడానికి మెల్‌బోర్న్ నుంచి ఇసుక గాలించే పళ్లెం (పాన్), మెటల్ డిటెక్టర్ కారులో వేసుకుని బ్రైట్, హారియట్‌విల్, ఒమియో ఊళ్ల వైపు వెళ్లే మనవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒక్కటే. అక్కడ అన్నిటికన్నా ప్రమాదం పాత బంగారు గనుల గోతులు.

బక్‌లాండ్ లోయలో 1853లో, వాల్హల్లాలో 1860ల్లో బంగారం బయటపడింది. వేలమంది వచ్చి తవ్వారు, బంగారం తగ్గాక వదిలేసి పోయారు. చాలా గోతులకు ఈ రోజుకీ కంచె లేదు, బోర్డు లేదు. కొన్నింటి మీద అప్పట్లో పరిచిన చెక్కలు పుచ్చిపోయాయి. వాటి మీద ఆకులు, మట్టి చేరి, ఫెర్న్ మొక్కలు మొలిచి మామూలు నేలలాగే కనిపిస్తాయి. డిటెక్టర్ పట్టుకున్నవాడి చెవుల్లో హెడ్‌ఫోన్లు, చూపంతా నేల మీద ఆడించే డిటెక్టర్ కాయిల్ మీద. బీప్ వినగానే రెండడుగులు వెనక్కి వేస్తాడు. సరిగ్గా అక్కడే గొయ్యి ఉండొచ్చు. చుట్టుపక్కల మట్టికి పొంతన లేని పసుపు, తెలుపు రాళ్ల దిబ్బ కనిపిస్తే ఆగండి. ఆ మట్టి ఎక్కడినుంచో పైకి వచ్చిందే కదా, గొయ్యి పక్కనే ఉంటుంది. వెనక్కి నడవొద్దు, చీకటి పడ్డాక అసలు తిరగొద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు.

కొండవాలులో సొరంగం నోరు కనిపిస్తే బయటే నిలబడి ఫొటో తీసుకోండి, చాలు. పూడిక తీయడానికి పాత బావిలో దిగినవాడు స్పృహ తప్పి పడిపోతే, కాపాడబోయిన రెండోవాడూ పోయాడని మన ఊళ్ల వార్తల్లో చదువుతూనే ఉంటాం. ఈ సొరంగాల్లోనూ గాలి అలాగే చెడి ఉండొచ్చు. పైన ఆన్చిన దూలాలు నూరేళ్లు దాటినవి.

వాగులో ఇసుక గాలించడం మనకు కొత్త కాదు, బియ్యంలో రాళ్లు గాలించే నేర్పే. కానీ ఆ నీళ్లు కరిగిన మంచు. మోకాలి లోతులో గంటసేపు నిలబడితే వేళ్లు పట్టు తప్పుతాయి. మాట తడబడుతుంటే, వణుకు ఆగకపోతే వెంటనే బయటికి తెచ్చి తడి బట్టలు మార్చండి. జీన్స్ వద్దు, ఉన్ని బట్టలు వేసుకోండి. ఎండాకాలమే కదా అనుకోకండి (అక్కడ డిసెంబర్ అంటే ఎండాకాలం). 2006 క్రిస్మస్ రోజున, కార్చిచ్చులు రేగుతున్న కొండల మీదే మంచు కురిసింది. టోటల్ ఫైర్ బ్యాన్, అంటే కార్చిచ్చు భయంతో బయట నిప్పు వెలిగించడంపై నిషేధం, ప్రకటించిన రోజు మాత్రం ప్రయాణం మానుకోండి.

పాత్రలో బంగారం వెండిలా తెల్లగా కనిపిస్తే అది పాదరసం పట్టినది. ఆ రోజుల్లో బంగారాన్ని విడదీయడానికి పాదరసం వాడేవారు, అది ఇప్పటికీ కొన్ని వాగుల అడుగున ఉంది. దాన్ని ఇంట్లో స్టవ్ మీద కాల్చారంటే ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాయి దంచిన పాత మిల్లుల దగ్గరి మెత్తటి ఇసుక దిబ్బల్లో ఆర్సెనిక్ అనే విషం ఉండొచ్చు. మనం పులిహోర చేత్తో తినేవాళ్లం, సబ్బుతో చేతులు కడిగాకే డబ్బా తెరవండి.

పాము కరిస్తే మన దగ్గర చూసినట్టు తాడుతో బిగించి కట్టకండి, కోయకండి, కాటు కడగకండి. వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజీని కాలు మొత్తానికి గట్టిగా చుట్టి, కదలకుండా పడుకోబెట్టి అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 000కి ఫోన్ చేయాలి. జేబులో రెండు బ్యాండేజీలు ఉండనివ్వండి.

బంగారం వెతకడానికి మైనర్స్ రైట్ అనే పర్మిట్ తప్పనిసరి, పదేళ్లు చెల్లుతుంది. చేతి పనిముట్లతోనే తవ్వాలి, చెట్లు నరకకూడదు, తవ్విన గుంత పూడ్చాలి. నేషనల్ పార్కుల్లో చాలా చోట్ల అనుమతి లేదు కాబట్టి ఎక్కడ తవ్వొచ్చో జియోవిక్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్‌లో చూసుకునే బయల్దేరండి.

లోయల్లో సిగ్నల్ ఉండదు. అందుకే ఆపదలో ఉపగ్రహం ద్వారా సాయం కోరే, రిజిస్టర్ చేసిన 406 మెగాహెర్ట్జ్ బీకన్ మెడలోనో నడుముకో ఉండాలి, కారులో కాదు. ఏ లోయకు వెళ్తున్నారో, కారు ఎక్కడ ఆపుతారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. రాత్రి 8కల్లా ఫోన్ రాకపోతే మొహమాటపడకుండా 000కి చేయమని చెప్పి బయల్దేరండి.