నీటి ఎద్దడిలో కూరగాయల సాగు – 3వ పాఠం: ఆకు ద్వారా పొటాష్

గత పాఠంలో మల్చింగ్ గురించి, డ్రిప్పుతో వంతులవారీ తడుల గురించి నేర్చుకున్నాం. ఈసారి పిచికారీ. పలమనేరు, వి.కోట వైపు టమాట తోటల్లో బోరు తగ్గగానే ఎండను ఆపే మందు కోసం వెతకడం మామూలే. ఏ మందూ నీటికి బదులు కాదు. ఉన్న తడిని మొక్క పొదుపుగా వాడుకునేలా చేయగలం, అంతే. అదీ చిన్న సాయం కాదు.

ఆకు మీది సన్నని రంధ్రాల గుండా నీరు ఆవిరై పోతుంది. వాటిని తెరిచి మూసే కణాలకు పొటాషియం, అంటే మనం పొటాష్ అనే పోషకం, కావాలి. అయితే పొటాష్ నేలలో ఎంత ఉన్నా, నీటిలో కరిగితేనే వేరుకు అందుతుంది. నేల ఎండితే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే ఆకు ద్వారా ఇస్తాం.

13-0-45 (నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు), అంటే పొటాషియం నైట్రేట్ ఎరువు, లీటరు నీటికి 10 గ్రాములు; 16 లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. లేత మొక్కలకు, బీర, దోస వంటి తీగలకు సగం మోతాదుతో మొదలుపెట్టండి. ముందు బకెట్టులో కరిగించి వడగట్టండి. కరిగేటప్పుడు నీరు చల్లబడుతుంది, అది ఈ ఎరువు గుణం. పురుగుమందులు ఇందులో కలపవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం వేళ. మధ్యాహ్నం కొడితే చుక్కలు క్షణాల్లో ఆరిపోయి, ఉప్పు మిగిలి ఆకు అంచులు మాడతాయి. ఎండ వాలాక కొట్టండి, ఆకు ఎక్కువసేపు తడిగా ఉండి పోషకాన్ని పీల్చుకుంటుంది. నాజిల్‌ను పైకి తిప్పి ఆకు అడుగు భాగాన్నీ తడపండి. నీరు కారిపోయేంతగా కొడితే డబ్బు నేలపాలే. ఇప్పటికే తల వాల్చిన తోటకు మాత్రం కొట్టకండి. ముందు ఒక తడి ఇచ్చి, మొక్క తేరుకున్నాక మరుసటి సాయంత్రం పిచికారీ చేయండి. ఎద్దడి వస్తుందని తెలిసినప్పుడు, పూత దశకు ముందే మొదలుపెట్టడం నా దృష్టిలో సరైన పద్ధతి. తర్వాత పది పదిహేను రోజులకు మరోసారి చాలు.

ఈ వారం అభ్యాసం: ఒక సాలును పిచికారీ చేయకుండా వదిలి, కర్ర పాతి గుర్తు పెట్టండి. నీరు అన్ని సాళ్లకూ సమానంగా ఇవ్వండి. మధ్యాహ్నం వాడిన ఆకులు తెల్లవారేసరికి ఏ సాలులో బాగా తేరుకున్నాయో, ఎక్కడ పూత ఎక్కువ రాలిందో రాసుకోండి. తెల్లవారుజామున కూడా వాడే ఉంటే వేరుకు నీరు అందడం లేదని అర్థం. అప్పుడు ట్యాంకు పక్కనపెట్టి డ్రిప్పు చూడండి.

వచ్చే పాఠంలో ఆకు మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లమట్టి, కేయోలిన్ గురించి చెబుతాను. దానికీ ఇదే గుర్తు పెట్టిన సాలు కావాలి, కర్ర తీయవద్దు.