శుక్రవారం రాత్రి అనుకుని శనివారం పొద్దున్నే అరకు వెళ్లడం ఎలా?

శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక, గిన్నెలు సింకులో పడేసి కూర్చున్న టైములో, "ఏవండీ, రేపు ఎటైనా పోదామా?" అని నేనంటాను. మా ఇంట్లో ఇది నెలకో రెండు నెలలకో ఒకసారి జరిగేదే. విశాఖలో ఉన్నందుకు మనకున్న అదృష్టం ఏమిటంటే ఇలా అనుకున్న పన్నెండు గంటల్లో కాఫీ తోటల మధ్య నిలబడొచ్చు. ప్లానింగ్ లేకుండా వెళ్లినా హాయిగా తిరిగి రావచ్చు, కానీ రెండు విషయాలు మాత్రం ఇంట్లోంచి కదలక ముందే తేల్చుకోవాలి. రాత్రి ఎక్కడ పడుకుంటాం, ఆదివారం కొండ మీది ఘాట్ రోడ్డు ఎన్నింటికి దిగుతాం. ఈ రెండూ తేలితే మిగతాదంతా దారిలో చూసుకోవచ్చు. ఇవి తేలకపోతే ఏమవుతుందో మాకు బాగా అనుభవమైంది, అది కాస్త కిందకి చెప్తాను.

ముందు ఏ కొండో ఒక్కటి ఎంచుకోండి. అందరూ చేసే తప్పు ఇక్కడే. అరకు, వంజంగి, లంబసింగి మూడూ ఒకే వైపు ఉన్నాయి కదా, రెండు రోజుల్లో చుట్టేద్దాం అనుకుంటారు. మ్యాపులో దగ్గరగానే కనిపిస్తాయి. నిజానికి వెళ్లే దారులే వేరు. అరకుకి పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా వెళ్తాం, సుమారు 115 కిలోమీటర్లు. వంజంగికి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఎక్కాలి. లంబసింగికి నర్సీపట్నం వైపు నుంచి వెళ్లాలి. పైన కొండల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లడానికి రోడ్లున్నాయి గానీ అన్నీ మలుపులే, గంటకి ముప్పై కిలోమీటర్లు నడిస్తే గొప్ప. మూడూ పెట్టుకున్న వాళ్లకి ఆ రెండు రోజుల్లో మిగిలేది కారు సీటే. మొదటిసారి వెళ్లేవాళ్లకి, అప్పటికప్పుడు బయల్దేరేవాళ్లకి నేనైతే అరకే చెప్తాను. రైలుంది, బస్సుంది, గదులు ఎక్కువ. ఒకచోట కుదరకపోతే ఇంకోచోట దొరుకుతుంది.

గది సంగతి రాత్రే తేల్చుకోండి. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో అరకు ఊరంతా కిక్కిరిసిపోతుంది. అలాంటప్పుడు అరకులోనే ఉండాలని పట్టుబట్టొద్దు. దారిలో వచ్చే అనంతగిరిలో, టైడాలో కూడా టూరిజం వాళ్ల గెస్ట్ హౌసులున్నాయి, చుట్టూ చెట్లతో అవే ప్రశాంతంగా ఉంటాయి. ఫోన్లో "ఉంది రండి" అంటే సరిపోదు, అడ్వాన్సు పంపించి పేరు మీద రాయించుకుని, మెసేజ్ పెట్టమనండి.

పోయిన చలికాలం మేం ఆ పని చేయలేదు. ఒక లాడ్జిలో ఫోన్లో గది ఉందన్నారు, రాత్రి ఏడున్నరకి వెళ్లేసరికి వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు. ఊళ్లో ఇంకో ఆరు చోట్ల అడిగాం, లేదు. ఆ చీకట్లో కిందకి దిగడం మొదలుపెట్టాం. గాలికొండ దగ్గర మంచు కమ్మేసింది. హెడ్‌లైటు పెద్దది వేస్తే ఆ వెలుతురు మంచుకి తగిలి మళ్లీ మన కళ్లలోకే కొడుతుంది, ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. చిన్న లైటు పెట్టుకుని, నేను కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డు పక్కన పిట్టగోడ రాళ్లు చూస్తూ "ఎడమకి, ఎడమకి, ఆగండి" అని చెప్తుంటే మా ఆయన నడకలాగా నడిపారు. ఎస్.కోట చేరేసరికి నా మొహం మొద్దుబారిపోయింది. ఇద్దరం మాట్లాడుకోలేదు, అంత భయపడ్డాం. అందుకే గది, దిగే టైము అని ఇంతగా చెప్తున్నాను.

ఇక బ్యాగు సర్దడం పదిహేను నిమిషాల పని. ఇద్దరి ఒరిజినల్ ఆధార్ కార్డులు (కొత్తగా పెళ్లయినవాళ్లు ఇది మర్చిపోవద్దు, గది ఇచ్చే ముందు ఇద్దరివీ అడుగుతారు), చెరో స్వెటరు, చెవులకి మఫ్లరు, జారని అరికాళ్లున్న బూట్లు, టార్చి, పవర్ బ్యాంకు, కాస్త నగదు. సిగ్నల్ లేనిచోట ఫోన్ పేలు పనిచేయవు, కాబట్టి పదులు, యాభైలు ఉంచుకోండి. కడుపులో తిప్పేవాళ్లుంటే ఒక నిమ్మకాయ, అల్లం ముక్క. మాత్ర వేసుకునే అలవాటుంటే ఘాట్ ఎక్కడానికి ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక పెద్దగా లాభం ఉండదు.

దేంట్లో వెళ్లాలి?

బండి లేనివాళ్లకి, ఉన్నా నడపాలని లేనివాళ్లకి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజరు రైలంత మంచిది లేదు. పొద్దున్నే ఏడు గంటలకి అటూఇటూగా విశాఖ స్టేషన్లో బయల్దేరుతుంది, టైము రాత్రే ఒకసారి చూసుకోండి. అద్దాల పెట్టెకి (విస్టాడోమ్ కోచ్) శుక్రవారం రాత్రి టికెట్లు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు. జనరల్ టికెట్ మాత్రం అప్పటికప్పుడు దొరుకుతుంది, సీటు కావాలంటే గంట ముందు ప్లాట్‌ఫాం మీద ఉండాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దింపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. కొండల్ని తొలుచుకుంటూ వెళ్తుంది, అరకు చేరేలోపు డజన్ల కొద్దీ సొరంగాలొస్తాయి. సొరంగం రాగానే పెట్టెలో పిల్లలూ పెద్దలూ కలిసి ఒకటే కేక వేస్తారు. రైలు బొర్రా గుహలు స్టేషన్లో ఆగుతుంది, కావాలంటే అక్కడే దిగి గుహలు చూసుకుని జీపులోనో బస్సులోనో అరకు వెళ్లొచ్చు. మేమైతే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు. తిరుగు రైలు ఇల్లు చేరేసరికి బాగా రాత్రవుతుంది, పొద్దున్నే ఆఫీసున్నవాళ్లకి కష్టం.

సొంత బండి అయితే పొద్దున ఐదింటికల్లా విశాఖలోని ఎన్ఏడీ జంక్షన్ దాటేయాలి. ఏడు దాటితే పెందుర్తి రోడ్డు మీద లారీల వెనకే గడిచిపోతుంది. టిఫిన్ ఎస్.కోటలో తినండి, పెట్రోలు కూడా అక్కడే ఫుల్ కొట్టించండి. రానూపోనూ పక్కదారులతో కలిపి 260 కిలోమీటర్ల దాకా తిరుగుతారు. పూరీలు, ఉప్మా పెసరట్లు చూసి నోరూరుతుంది, కానీ ఆ నూనె కడుపులో ఉండగా మలుపులెక్కితే చాలా ఇబ్బంది. రెండు ఇడ్లీలు తిని ఊరుకోండి.

ఘాట్ మీద కొన్ని పద్ధతులు తప్పకుండా పాటించాలి. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికి దారివ్వాలి, దిగేవాళ్లు ఆగాలి. కనపడని ప్రతి మలుపుకీ ముందు హారన్ కొట్టాలి. ఎక్కేటప్పుడు ఏ గేర్లో ఎక్కారో దిగేటప్పుడు అదే గేర్లో దిగండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలేసేవాళ్లు ఉంటారు, అది ప్రాణాలతో చెలగాటం, ఇంజిను పట్టు లేకపోతే బరువంతా బ్రేకుల మీదే పడి వేడెక్కి పట్టుకోవడం మానేస్తాయి. స్కూటీ మీద వెళ్లే జంటలు ఇంకా జాగ్రత్త. వాటికి గేర్లుండవు, దిగేటప్పుడు బ్రేకుల మీదే ఆధారపడాలి, అందుకని పది నిమిషాలకోసారి ఆగి చల్లారనివ్వండి. ఆగాలనిపించేంత బాగుంటుంది ఎలాగూ.

మొదటి రోజు

మొదటి రోజు ముఖ్యంగా చూసేది బొర్రా ఒక్కటే పెట్టుకోండి. పదింటికి తెరిచే టైముకి అక్కడుంటే జనం తక్కువ. లోపలికి దిగగానే ఒక నిమిషం కదలకుండా నిలబడండి, కళ్లు అలవాటు పడ్డాక ఆ రంగు దీపాలు కాదు, పైకప్పు చూడండి. సున్నపురాయిని కరిగించుకుని వచ్చిన నీళ్లు పైనుంచి ఒక్కో చుక్కా రాలుతుంటాయి. నేను ఒక రాతి మొన కింద అరచెయ్యి పట్టాను. మొన చివర చుక్క వేలాడుతూ, ఉబ్బుతూ, ఇంకా పడదేమిటా అని నేను లెక్కపెడుతుంటే, చివరికి చల్లగా చేతిలో పడింది. అలాంటి ప్రతి చుక్కా పోతూ పోతూ కంటికి కనపడనంత సున్నం వదిలిపోతుంది, అలా వేల ఏళ్లకి పైనుంచి ఒక మొన దిగితే కింద నుంచి ఇంకోటి లేస్తుంది. జనం శివలింగమని మొక్కేది కూడా అలా ఏర్పడినదే. ఈ గుహల్లో పుట్టిందని చెప్పుకునే గోస్తనీ నదే తాటిపూడి రిజర్వాయరులో ఆగి మన విశాఖ కుళాయిల్లోకి వస్తుంది, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అది తెలిశాక నాకు ఆ చుక్క మీద ప్రేమ పుట్టింది. మెట్లు చాలా ఉంటాయి, తడిగా ఉంటాయి, చెప్పులతో వద్దు. బయట కోతులున్నాయి, చేతిలో కవరు కనపడనివ్వకండి.

బొంగు చికెన్ అక్కడి నుంచే మొదలవుతుంది. ముందే వండి పెట్టినది కాకుండా మీ ముందు బొంగులో కూరి కాల్చేచోట తినండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కుక్కి, మూతిని ఆకుతో బిగించి నిప్పుల మీద తిప్పుతారు. నూనె వేయరు. బొంగు పైన నల్లగా మాడుతుంది, లోపల ముక్క తన నీళ్లలోనే ఉడుకుతుంది. ముప్పావు గంట పడుతుంది, తొందరపెట్టకండి.

తర్వాత గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర పావుగంట, సుంకరమెట్ట కాఫీ తోటల్లో ఒక గంట. పొడుగ్గా లేచిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్లకి చుట్టుకుని పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. చలికాలంలో కొమ్మకి ఎర్రటి పళ్లు గుత్తులుగా ఉంటాయి. గిరిజన రైతులు పండించే ఈ అరబికా కాఫీకి 2019లో జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. పళ్లు కోయొద్దు, ఒక ఇంటి ఏడాది సంపాదన అది. వలిసె పూల చేలు కూడా అంతే. నవంబరు, డిసెంబరుల్లో పసుపుపచ్చగా మెరిసిపోతుంటే ఫోటోకి దిగాలనిపిస్తుంది, కానీ అవి నూనె గింజల పంట. గట్టు మీద నుంచి తీసుకోండి, చేనుగలవాళ్లు డబ్బులడిగితే బేరమాడకుండా ఇవ్వండి. మనుషుల ఫోటోలైతే అడిగి తీయాలి.

సాయంత్రానికి గదికి చేరి ఇంకేమీ పెట్టుకోవద్దు. మ్యూజియం, పద్మాపురం గార్డెన్ వీలుంటే చూడొచ్చు, లేకపోయినా ఏం కాదు. ఇద్దరూ చెరో టీ గ్లాసు పట్టుకుని చీకటి పడేదాకా నడవండి. మా ఆయన ఇంట్లో వారమంతా చెప్పని సంగతులు ఆ నడకలోనే చెప్తారు.

రెండో రోజు

నాలుగున్నరకి లేవాలి. బద్ధకిస్తే అసలైనది పోయినట్టే. ఐదున్నరకల్లా మాడగడ వ్యూ పాయింట్ మీద ఉండండి, బండి లేనివాళ్లు ముందు రోజే ఆటో మాట్లాడుకోవాలి. రాత్రి చల్లబడ్డ బరువు గాలి లోయలోకి జారి, అందులో తేమ మంచై అక్కడే నిలిచిపోతుంది, మనం దానికంటే ఎత్తులో ఉంటాం. సూర్యుడొచ్చాక చుట్టూ కొండ తలలు మాత్రం తేలి, మధ్యలో మేఘం పాలు పొంగినట్టు నెమ్మదిగా కదులుతుంది. ఎండ ముదిరే కొద్దీ లేచిపోతుంది, ఎనిమిదికి వెళ్తే మామూలు లోయే. ఆకాశం నిర్మలంగా, గాలి లేని రాత్రి తర్వాత దొరికే అవకాశం ఎక్కువ. ఒక్కోసారి ఏమీ ఉండదు. అలాంటి పొద్దున కూడా ఒకటి మాకు దొరికింది, చలికి ఒకే శాలువా కప్పుకుని కూర్చుని వచ్చేశాం, ఆ పొద్దున నాకింకా గుర్తుంది.

టిఫినయ్యాక చాపరాయి వెళ్లండి, పాడేరు రోడ్డు మీద ఉంటుంది. నీళ్లు పలకల రాళ్ల మీద పరుచుకుని పారుతాయి, చూడటానికి మోకాలి లోతే అనిపిస్తుంది. పాచి పట్టిన బండ మీద కాలు పెడితే మాత్రం ఆగదు. ఒడ్డునే కూర్చోండి, వానాకాలంలో అయితే అసలు దిగొద్దు.

ఒంటిగంటకి భోజనం, రెండింటికి బండి కదలాలి. "ఇంకొక్క చోటు" అని ఎవరన్నా ఇంకొకరు ఒప్పుకోకూడదు, ఇది రాత్రే ఇద్దరూ మాటిచ్చుకోండి. ఐదింటికల్లా ఎస్.కోట చేరితే ఘాట్ అంతా వెలుతుర్లోనే దిగిపోయినట్టు.

వచ్చేటప్పుడు కాఫీ పొడి కొంటే చికోరీ కలిపారో లేదో అడిగి కొనండి. మిరియాలు రోడ్డు పక్క అమ్మేవాళ్ల దగ్గర తీసుకోవచ్చు, నాలుగు గింజలు నలిపి వాసన చూసుకోండి. పూర్తిగా ఎండనివి ఇచ్చేవాళ్లుంటారు, డబ్బాలో పోస్తే బూజు పడుతుంది. ఇంటికొచ్చాక పేపరు మీద పోసి రెండు రోజులు ఎండబెట్టి, అప్పుడు మూత పెట్టండి.