దాంపత్యం, విశ్వాసం – 3వ పాఠం: ముందు పొలంలో మాట్లాడుకోండి

పోయిన పాఠంలో బైబిల్లోని హన్నా భర్త ఎల్కానా దగ్గర ఆగాం. పిల్లలు లేక ఏడుస్తున్న హన్నాను ఆయన వరసగా నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఎందుకు ఏడుస్తున్నావు, ఎందుకు తినడం లేదు, మనసులో ఎందుకు బాధపడుతున్నావు, పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కానా? ప్రేమ ఉన్న మనిషే. కానీ అక్కడ హన్నా జవాబు ఒక్కటీ రాసి లేదు. ఆమె లేచి వెళ్లి దేవుని దగ్గర ఏడ్చింది. అందుకే మీకు ఒక అభ్యాసం ఇచ్చాను: వారంలో మూడు రోజులు, రోజుకు పది నిమిషాలు, ఒకరు చెబుతుంటే ఇంకొకరు సలహా ఇవ్వకుండా వినడం. అది చేయకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు అది చేయండి. వినడం అలవాటు కాకుండా ఈరోజు పని సాగదు.

ఈరోజు నేర్చుకునేది బంధువుల ఒత్తిడి గురించి. అటు నుంచో ఇటు నుంచో ఒక డిమాండ్ వస్తుంది. డబ్బు సర్దమని, పిల్లలెప్పుడని, ఇల్లు మారమని, ఫలానా ఉద్యోగం మానేయమని. దానికి జవాబు చెప్పేముందే భార్యాభర్తలు ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి. అది ఎలా అన్నదే పాఠం.

ప్రార్థన చేస్తున్నాం కదా, అది చాలదా అని కొందరు అడుగుతారు. చేస్తున్నారు, నిజమే. కానీ ఎలా? "ప్రభువా, మా అత్తగారి మనసు మార్చు" అని ఆమె ఒక గదిలో. "ప్రభువా, ఈమెకు కాస్త ఓర్పు ఇవ్వు" అని ఆయన ఇంకో గదిలో. ఒకే ఇంట్లోంచి ఒకదానికొకటి ఎదురుగా రెండు ప్రార్థనలు. మా ఇంట్లో కూడా మొదటి రెండేళ్లు ఇదే నడిచింది. ఇద్దరం మోకాళ్ల మీదే ఉన్నాం, ఇద్దరికీ మాటలు లేవు.

ఆదికాండము 31వ అధ్యాయం తెరవండి. ముందే ఒక మాట. యాకోబు ఇల్లు ఆదర్శ కుటుంబం కాదు. అక్కాచెల్లెళ్లు లేయా, రాహేలు ఇద్దరూ ఒకే మనిషికి భార్యలు, ఇంటినిండా పోటీ. ఆ ఇంటిని చూసి ఎవరూ కాపురం నేర్చుకోనక్కర్లేదు. కానీ ఆ ఒక్క అధ్యాయంలో వాళ్లు ఒక పని బాగా చేశారు, రెండు పనులు పాడుచేశారు. మూడూ మనకు పనికొస్తాయి.

సంగతి ఇది. యాకోబు మామగారు లాబాను దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశాడు. పద్నాలుగేళ్లు ఇద్దరు కూతుళ్ల కోసం, ఆరేళ్లు మంద కోసం. పగలు ఎండ, రాత్రి మంచు, కంటికి నిద్ర లేదు. ఇప్పుడు బావమరుదులు గొణుగుతున్నారు, మామగారి ముఖం మారింది. వెళ్లిపొమ్మని దేవుడు చెప్పాడు. అప్పుడు యాకోబు ఏం చేశాడో నాలుగో వచనంలో చూడండి. నేరుగా మామగారి దగ్గరికి పోలేదు. రాహేలునూ లేయానూ తన మంద ఉన్న పొలానికి పిలిపించాడు.

పొలానికి ఎందుకు అనేది బైబిలు చెప్పదు. నేననుకోవడం, అక్కడ మూడో చెవి ఉండదు. లాబాను ఇంట్లో కూర్చుని లాబాను గురించి మాట్లాడుకోవడం కుదరదు కదా. మీకూ అలాంటి చోటు ఒకటి కావాలి. నడకకు వెళ్లే దారి కావచ్చు, మేడ పైభాగం కావచ్చు. పడుకునేముందు మంచం మీద మాత్రం వద్దు. అలసిపోయిన ఇద్దరు మనుషులు, ఆర్పేసిన లైటు, అత్తగారి ప్రస్తావన - ఈ మూడూ ఒకచోట చేరకూడదు.

అక్కడ యాకోబు మాట్లాడిన తీరు గమనించండి. "మీ నాన్న ఎలాంటివాడో తెలుసా" అని మొదలుపెట్టలేదు. ఆయన ముఖం ఇదివరకులా లేదన్నాడు. నేను శక్తికొద్దీ పనిచేశానని మీకే తెలుసు అన్నాడు. పదిసార్లు జీతం మార్చాడన్నాడు. మోసం చేశాడు అనే మాట వాడాడు, కానీ దాని పక్కనే లెక్క పెట్టాడు. కలలో దేవుడు చెప్పిన సంగతి ఆ తర్వాత చెప్పాడు. ఈ వరస ముఖ్యం. మనలో చాలామంది తిరగేస్తాం. "దేవుడు నాతో మాట్లాడాడు, మనం ఇలా చేయాలి" అని మొదలుపెడితే అవతలి మనిషి ఇక ఏం మాట్లాడుతుంది? మాట్లాడితే దేవునికి ఎదురు చెప్పినట్టు. ఇది భర్తలే కాదు, భార్యలూ చేస్తారు. వాక్యాన్ని వాదనలో ఆఖరి రాయిలా విసరడం ఈ వారం నుంచి మానేయండి.

తర్వాత రాహేలు, లేయా జవాబు చెప్పారు. మా పుట్టింట్లో మాకింకా వాటా ఉందా, ఆయన మమ్మల్ని పరాయివాళ్లలా చూడలేదా అన్నారు. తండ్రి గురించి ఆ కఠినమైన మాట కూతుళ్లే అన్నారు. ఇందులోంచి ఒక పద్ధతి తీసుకోవచ్చు: ఎవరి పుట్టింటి తప్పు వాళ్లే చెప్పుకోవాలి. నేను మా అమ్మను తప్పుపడితే అది నా బాధ. మా ఆవిడ అదే మాట అంటే అది యుద్ధం. అందుకని తన వైపు వాళ్ల గురించి సంగతి బయటికి తీసే పని అవతలి మనిషికి వదిలి, మీరు కాసేపు ఆగండి. మొదటి రెండుసార్లు వాళ్లు తప్పు ఒప్పుకోకపోవచ్చు. ఫర్వాలేదు, ఆగండి.

ఇప్పుడు ఒక నమూనా. భర్త తమ్ముడికి డబ్బు కావాలి. ఇంట్లో ఉన్నది ఇచ్చేస్తే పిల్ల ఫీజు కట్టడానికి మిగలదు. అమ్మ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది.

"అమ్మ ఈ వారంలో నాలుగుసార్లు ఫోన్ చేసింది. తమ్ముడికి సర్దమంటోంది. నాకు కాదనాలంటే భయంగా ఉంది."

"మీకు ఏమని భయం?"

"పెళ్లయ్యాక మారిపోయానంటుంది."

"పోయినసారి ఇచ్చింది ఇంకా రాలేదు కదండీ. ఫీజు కట్టే రోజు దగ్గరికొచ్చింది. నాకు ఆ టెన్షన్ ఉంది. మీ తమ్ముడి మీద కోపం కాదు."

"తెలుసు. వాడు పోయినసారి డబ్బు మాటే ఎత్తడం లేదు, అది వాడి తప్పే. ఎంతవరకు ఇవ్వగలమో చూద్దామా?"

ఇందులో ప్రత్యేకంగా ఏమీ లేదు. ఆమె "ఏమని భయం" అని అడిగి ఆగింది, అంతే. పోయిన పాఠం అక్కడ పనిచేసింది. తమ్ముడి తప్పు ఆయన నోటినుంచే వచ్చింది. అప్పుడు అక్కడే, నిలబడ్డ చోటే, చెరో రెండు వాక్యాల ప్రార్థన చేయండి. షరతు ఒక్కటే: "ఈయనకు", "ఈమెకు" అనకుండా "మాకు" అని ప్రార్థించాలి. నోట మాట రాకపోతే 13వ కీర్తన చదవండి. ఆరు వచనాలే. అందులో దావీదు ఎన్నాళ్లు, ఎంతకాలం అని దేవుణ్ణే నిలదీస్తాడు. ఉద్యోగం పోయినప్పుడు, జబ్బు తగ్గనప్పుడు, బిడ్డ పోయినప్పుడు ధైర్యంగా ఉన్నట్టు నటించే ప్రార్థన కంటే ఆ ఎన్నాళ్లు అనే ప్రార్థన ఇద్దరినీ దగ్గర చేస్తుంది. ఎందుకంటే అప్పుడు ఒకరి మీద ఒకరు వేసుకునే నిందను ఇద్దరూ కలిసి దేవుని ముందు పెడతారు. ఆయన దాన్ని మోయగలడు. భార్యో భర్తో ఎంతకని మోస్తారు?

ప్రార్థన అయ్యాక నిర్ణయాన్ని ఒకే వాక్యంగా చెప్పుకోండి. ఎవరు వెళ్లి చెప్పాలో కూడా అప్పుడే తేల్చుకోండి. కొడుకు తన తల్లిదండ్రులతో, కూతురు తన తల్లిదండ్రులతో. ఆ వాక్యం "మేమిద్దరం అనుకున్నాం" అని మొదలవ్వాలి. "నాకిష్టమే గానీ మా ఆవిడ ఒప్పుకోవడం లేదు" అనే వాక్యం మీద ఎన్ని కాపురాలు జారాయో! నేనూ అన్నాను ఒకసారి, మా అమ్మతో. ఆ నిమిషం నాకు తేలికైంది. ఆ బరువు మా ఆవిడ మీద ఏడు నెలలు ఉంది.

"పురుషుడు తన తండ్రిని తన తల్లిని విడిచి తన భార్యను హత్తుకొనును" అన్న మాట (ఆదికాండము 2:24) పెళ్లిలో అందరం వింటాం. విడవడం అంటే వదిలేయడం కాదు. దేవునికి అర్పణ ఇచ్చేశామనే సాకుతో తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టినవాళ్లను యేసు గట్టిగా మందలించాడు, మార్కు 7వ అధ్యాయంలో ఉంది. మామ యిత్రో ఇచ్చిన సలహా మోషే విన్నాడు, అది నిర్గమకాండము 18లో. కాబట్టి పెద్దల మాట అంటేనే ఒత్తిడి అనుకోవద్దు. విడవడం అంటే, నాకు అర్థమైనంతవరకు, మొదట ఎవరితో మాట్లాడతావన్న వరస మారడం.

ఇక వాళ్లు పాడుచేసిన రెండు పనులు. మొదటిది రాహేలుది. పొలంలో అంతా మాట్లాడుకుని, వెళ్లేటప్పుడు తండ్రి గృహదేవతల బొమ్మలు దొంగిలించి యాకోబుకు చెప్పలేదు. ఆ సంగతి తెలియక యాకోబు, అవి ఎవరి దగ్గర దొరికితే వాళ్లు బతకకూడదని ప్రమాణం చేసేశాడు. ప్రేమించిన భార్య ప్రాణం మీదికే ప్రమాణం. ఒక్క దాచిన వస్తువు చాలు. పుట్టింటికి చెప్పకుండా పంపిన డబ్బు, దాచిన అప్పు, అమ్మతో అనేసిన ఇంటి రహస్యం. రాహేలు ఆ బొమ్మలను ఒంటె సామానులో పెట్టి దాని మీద కూర్చుంది. మీ ఒంటె సామానులోనూ ఏమైనా ఉంటే పొలంలోనే బయటపెట్టండి.

రెండోది యాకోబుది. భార్యలతో మాట్లాడాడు గానీ మామగారికి ఒక్క ముక్క చెప్పకుండా పారిపోయాడు. లాబాను ఏడు రోజులు తరుముకుంటూ వచ్చి గిలాదు కొండల్లో పట్టుకున్నాడు. నా కూతుళ్లను, మనవలను ముద్దు పెట్టుకోనివ్వలేదేం అని అడిగాడు. లాబాను ఎంత మోసగాడైనా ఆ ప్రశ్న న్యాయమైందే. మీరిద్దరూ ఒక మాట మీద ఉన్నారని పెద్దవాళ్లకు చెప్పకుండా ఫోన్ ఎత్తడం మానేస్తే, వాళ్లూ ఏదో ఒక దారిలో తరుముకుంటూ వస్తారు.

చివరికి యాకోబు, లాబాను ఇద్దరూ రాళ్లు కుప్ప వేసి హద్దు పెట్టుకున్నారు. కీడు చేయడానికి ఇది దాటి నువ్వు రావద్దు, నేనూ రాను. దానికి మిస్పా, అంటే కావలి చోటు, అనే పేరు కూడా ఉంది. యెహోవా మన మధ్య కనిపెట్టును గాక అన్న ఆ మాటను ప్రేమికులు లాకెట్ల మీద చెక్కించుకుంటారు, కానీ అది నమ్మకం లేని ఇద్దరు మగవాళ్లు ఒకరినొకరు హెచ్చరించుకున్న మాట! అయినా ఆ కుప్ప దగ్గరే కూర్చుని భోజనం చేశారు. తెల్లారాక లాబాను కూతుళ్లను, మనవలను ముద్దు పెట్టుకుని, దీవించి, తన దారిన వెళ్లాడు. హద్దు, భోజనం రెండూ ఒకచోట ఉండగలిగాయి.

ఒక హెచ్చరిక. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఈ అభ్యాసం మీకు కాదు. పొలంలో మాట్లాడుకోవాలంటే ఇద్దరికీ భయం లేకుండా నోరు తెరిచే వీలుండాలి. దెబ్బలు భరించడాన్ని సిలువ మోయడం అని ఎవరైనా చెబితే, సంఘంలోవాళ్లు చెప్పినా సరే, వినకండి. ముందు సురక్షితమైన చోటికి వెళ్లండి, నమ్మకమైన మనిషికి చెప్పండి, అవసరమైతే పోలీసులకు చెప్పండి. క్షమించడం వేరు, అదే గదికి తిరిగి వెళ్లడం వేరు.

ఈ వారం అభ్యాసం: పెద్ద గొడవ తీసుకోకండి. చిన్నదే ఎంచుకోండి, ఎవరింటికి ఎప్పుడు వెళ్లాలి లాంటిది. చోటు, సమయం ముందే అనుకోండి, అరగంట చాలు. సంగతులు లెక్కతో, ఎవరి పుట్టింటి మాట వాళ్ల నోట, చెరో రెండు వాక్యాల ప్రార్థన, ఆఖరికి "మేమిద్దరం" అని మొదలయ్యే ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని కాగితం మీద రాసి తేదీ వేయండి. తేలకపోతే "ఇంకా తేలలేదు" అని రాసి, మళ్లీ కూర్చునే రోజు కూడా రాయండి. మీ భర్తకో భార్యకో విశ్వాసం లేకపోతే ప్రార్థన మీరు ఒక్కరే చేసుకోండి, మిగతాదంతా కలిసి చేయవచ్చు.

తర్వాతి పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. యోబు భార్య గురించి చదువుతాం. ఆమె అన్న ఒక్క మాటనే అందరూ గుర్తుంచుకున్నారు, యోబు పోగొట్టుకున్న పదిమంది పిల్లలు ఆమెకూ పిల్లలేనని మరచిపోయారు.